ఒక్క మూకుడు, నాలుగు పేర్లు

నిర్మల్ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా ఓ రోజు మా ప్రెస్సులో కూర్చుని, చిలుక మార్కు అటుకుల చుడువ గుప్పెడు నోట్లో పోసుకుని పెదవి విరిచాడు.

"ఏమన్నగాని, మా నిర్మల్ల దొరికే గాజెంగోళ్ల చుడువ రుచే వేరు. గిది దానికి నకలు" అన్నాడు.

చేతిలో ఉన్న సీసపు అక్షరాలు ఆయన నెత్తిన కుమ్మరించనందుకు నన్ను మెచ్చుకోవాలి. ఆ రెండు చుడువల చీటీలూ అచ్చు వేసింది నేనే. రెండింటినీ వేయించింది ఒక్క మనిషే, శంకరవ్వ. ఒక్క మూకుడు, ఒక్క గంటె, ఒక్క పూటలో దంచిన ఎల్లిగడ్డ. నకలట, నకలు! ఇదే చుడువ భైంసాలో ఇంకో పేరుతో, ఇచ్చోడలో మరో పేరుతో అమ్ముడుపోతుందని చెబితే ఆయన నమ్మేవాడా? చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది, అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

నా పేరు రాజేశం. అందరూ రాజం అంటారు. కరీంనగర్ గడియారం వెనక సందులో ఒక చిన్న ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని నాది. నిజాం రోజుల్లో ఉర్దూ కాగితాలు వేశాం, ఆ తర్వాత తెలుగు అక్షరాలు తెప్పించుకున్నాం. పెళ్లి పత్రికలు, బీడీ కట్టల చీటీలు, సినిమా కరపత్రాలు. బీడీల వాళ్లకు ఇరవై ఏళ్లలో ఒక్క అక్షరం మార్చలేదు. లక్ష్మీరాజానికి మాత్రం పదేళ్లలో ఎన్ని చీటీలు మార్చానో ఆ వేములవాడ రాజన్నకే తెలియాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు ఎండాకాలంలో వచ్చాడు. సన్నటి మనిషి, వంగిన వీపు, గుంట మగ్గంలో కూర్చుని కూర్చుని ఒక కాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. మా వాడకట్టు సాలె మనిషే కాబట్టి ముఖం తెలుసు.

"తమ్మీ, చీటీలు అచ్చుగొట్టాలె. 'లక్ష్మీరాజం చుడువ' అని. పేరు పెద్దగ, చుడువ చిన్నగ."

"ఉల్టా గొట్టాలె గదనే. తినేది చుడువనా, నిన్నా?" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ముప్పై ఏండ్లు నేసిన తమ్మీ. నేసిన ప్రతి చీరె మీద కైలాసం సావుకారి నీలిముద్ర పడ్డది. ఓపాలి జగిత్యాల సంతల నా చీరె నా ముంగటనే కొనుక్కపోతున్నరు. గిది నేను నేసిన అన్న. ముద్ర జూపెట్టి నవ్విండ్రు. అబద్ధాలకోరును జేసిండ్రు నన్ను. గిదన్న నా పేరు మీద పోవాలె. గా కైలాసం ఇంటోళ్లు దుకాణానికి వచ్చి, నా పేరు వెట్టి అడిగి కొనుక్కపోవాలె. గంతే. ఇంకేమద్దు నాకు."

చీటీ కోసం వచ్చినవాడు ఇంత చెబుతాడని అనుకోలేదు. నేను వెళ్లి అక్షరాల కేసు ముందు నిలబడ్డాను. లక్ష్మీలో పడే ఆ వత్తు మా కేసులో రెండే ఉండేవి, ఒకటి అరిగిపోయింది. ఉన్న మంచిదాన్ని ఏరి ఆయనకే వేశాను.

చుడువ సంగతి చెప్పాలి. మగ్గం మీద బతుకు వెళ్లక, ఆయన భార్య శంకరవ్వ మొదలుపెట్టిన పని అది. సన్న అటుకులు ఎండలో పెళపెళలాడేదాకా ఎండబెట్టేది. పల్లీలు, పుట్నాలు, ఎండుకొబ్బరి పలుకులు విడివిడిగా వేయించేది. ఎల్లిగడ్డను పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచి, కల్యామాకుతో, అదే కరివేపాకుతో కలిపి నూనెలో కరకరమనేదాకా వదిలిపెట్టేది కాదు. వాన పడ్డ రోజు కూడా మెత్తబడేది కాదు ఆ చుడువ. నేను చీటీల కట్ట ఇవ్వడానికి వెళితే, "అచ్చు తమ్మీ, ఇంత తినిపో" అని చాటలో పెట్టి ఇచ్చేది. ఎప్పుడూ అచ్చు తమ్మీ అనే పిలిచేది. నా పేరు గుర్తుండదేమోలే అనుకున్నాను.

గడియారం దగ్గర అంతయ్య దుకాణంలో పొట్లాలు పెట్టారు. రెండు నెలలైనా కదలలేదు. అంతయ్య ఒక పొట్లం విప్పి గంపలో పోసి ఊరికే తినమంటే నిమిషంలో ఖాళీ. అదే పొట్లం కట్టి పెడితే అడిగే దిక్కు లేదు. లక్ష్మీరాజం రోజూ ప్రెస్సుకు వచ్చి నా మీద పడేవాడు. అక్షరాలు చిన్నగయినయి అన్నాడు, పెద్దవి వేశాను. నల్ల సిరా అపశకునం అన్నాడు, ఎర్ర సిరా వేశాను. చుట్టూ పూలతీగె కావాలన్నాడు, అదీ కట్టాను. ఏం లాభం? పొట్లాలు ఎక్కడివక్కడే.

ఒకనాడు నాకే పట్టుదల వచ్చి, నా భార్య రామవ్వను పొట్లం తెమ్మని పంపాను. పుట్నాలు కట్టించుకుని వచ్చింది.

"చుడువ లేదన్నడా?"

"ఉన్నది."

"మరి తేలేదేంది?"

"అడగలే."

"ఎందుకడగలే? నోట్ల మన్ను వోసుకున్నవా?"

అప్పటిదాకా తల వంచుకున్న మనిషి గయ్యిమంది.

"ఏమని అడగాలె? గా పేరు నా నోట్లకెళ్లి ఎట్లొస్తది? జర సోయుండాలె నీకు! ఉట్టి చుడువంటె వేరేటోళ్లది కడ్తడు. ఏలు వెట్టి జూపెడుదామంటే దుకాణం నిండ మొగోళ్లు. గిది గాదు గది, గది గాదు పక్కది అని చెప్పుకుంట నిలవడాల్నా? పుట్నాలియ్యమంటే అయిపాయె."

అప్పుడు వెలిగింది నాకు. మొగని పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా దిక్కు ఆడవాళ్లు పేరు పలకరు. మామ పేరూ పలకరు, బావ పేరూ పలకరు. కరీంనగర్‌లో మగవాళ్ల పేర్లేమిటి? వేములవాడ రాజన్న పక్కనే ఉన్నాడాయె. ఇంటికో రాజం, రాజయ్య, రాజమల్లు, రాజేశం. మొగడు కాకుంటే మామ, మామ కాకుంటే బావ. పిల్లలకు చుడువ కొనేదేమో ఆడవాళ్లు. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు పలకలేని పేరును ఏరి కోరి, ఎర్ర సిరాతో, పూలతీగె కట్టి మరీ అచ్చు వేశాం. మా అంత తెలివిగలవాళ్లు జిల్లాలో ఉండరు!

అప్పటికప్పుడు వెళ్లి లక్ష్మీరాజానికి చెప్పాను.  ఆయన వెంటనే భార్య వైపు తిరిగాడు.

"నీకన్న తట్టలేదానే?"

"పేరు వెట్టెటప్పుడు నన్నడిగినవా?" అంది శంకరవ్వ అటుకులు చెరుగుతూ. "నన్నే అమ్మపొమ్మంటే నేనేమని అమ్ముదును? అచ్చు తమ్మిని గూడ నేను పేరు వెట్టి పిలువ. ఇన్నొద్దులకెళ్లి సూస్తలేవా?"

నా పేరు గుర్తులేక కాదు, నా పేరులో ఆయన పేరుంది కాబట్టి. చెప్పొచ్చు కదమ్మా ముందే! ఎవరూ అడగందే ఎవరూ చెప్పని సంసారాలు ఇవి, వీటి మధ్య నా సిరా, నా కాగితం దండగ.

ఆ తర్వాత మొదలైంది అసలు గోల. దేవుడి పేరు పెడతానన్నాడు. హనుమాన్ చుడువ అని వేశాను. ఊళ్లో ఉన్న హనుమంతుల పెళ్లాలంతా నోరు కట్టేసుకున్నారు. నర్సింహ అన్నాడు. ధర్మపురి దిక్కు నుంచి వచ్చిన ఆడవాళ్లందరికీ ఇంట్లో ఒక నర్సయ్య ఉండనే ఉన్నాడు.

"మనిషి పేరద్దు, దేవుని పేరద్దు! మీ కాళ్లు మొక్కుత, నన్ను ఇడిసిపెట్టుండ్రి!" అని అరిచాను. అత్తరు సీసాల వాళ్లు ఎప్పుడో వదిలేసి పోయిన చిలుక బొమ్మ అచ్చు దిమ్మె ఒకటి మూలకు పడి ఉంటే, దుమ్ము తుడిచి దాన్నే బిగించాను. చిలుక పేరు గల మొగడు ఎవరికీ లేడు. చిలుక మార్కు చుడువ వారం తిరగకముందే అయిపోయింది. కైలాసం సావుకారి కోడళ్లు కూడా కొనుక్కుపోయారని అంతయ్య చెప్పాడు.

ఆ మాటకు లక్ష్మీరాజం సంతోషిస్తాడనుకున్నాను. ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

"సావుకారింట్ల చిలుక పేరు తెల్సింది తమ్మీ. నా పేరు తెల్వలే. గప్పుడు కైలాసం ముద్ర, గిప్పుడు చిలుక ముద్ర. నాకు తేడా ఏమున్నది?"

"నీ పేరు పలికే ఊరు ఎక్కడన్న ఉంటే ఆడ అమ్ముకోపో!" అన్నాను విసుగొచ్చి.

విసుగులో అన్న మాటను ఆయన నిజంగా పట్టుకుని బస్సెక్కాడు. ఆర్మూరు మీదుగా నిర్మల్ పోయాడు. అక్కడ రాజంలు ఎక్కువ లేరు, బాగానే ఉంది. కానీ పొట్లాలు తీసుకున్న దుకాణంలో గల్లా మీద కూర్చునేది ఆ ఇంటి కోడలు. ఆమె మామ పేరు అచ్చంగా లక్ష్మీరాజమే! ఏం చుడువ అని ఎవరైనా అడిగితే ఆమె గదువతో, అంటే గడ్డం ఎగరేసి చూపించి ఊరుకునేది. తిరిగొచ్చి, అక్కడికి తన ఇంటిపేరు వేయమన్నాడు. అట్లా నిర్మల్‌కు గాజెంగి వారి చుడువ పుట్టింది.

భైంసాకు పోయేటప్పటికి ఆయనకు భయం పట్టుకుంది. అక్కడ ఎవరి మొగడి పేరు ఏముందో అని, తన తల్లి బాలవ్వ పేరు పెట్టాడు. అక్కడివాళ్లు చుడువను చివ్డా అంటారు, మరాఠీలో వేయాలి. మా దగ్గర ఆ అక్షరాలేవి? నిర్మల్‌లో బొమ్మలు చేసే ఆయనతో పొణికి చెక్క మీద చెక్కించుకొచ్చాడు. చెక్క మెత్తన, వంద చీటీలు వేసేసరికి అంచులు అరిగిపోయేవి. మళ్లీ చెక్కించాలి, మళ్లీ బిగించాలి. నా గ్రహచారం.

ఇచ్చోడలో మాత్రం ఆయన గెలిచాడు. అడ్డరోడ్డు మీద చాయ్ దుకాణం పెట్టుకున్న ఎల్లేశం, "అన్నా, గీ పేరోడు గీ చుట్టుపక్కల ఒక్కడు లేడు, బేఫికర్ పెట్టుకో" అన్నాడట. లక్ష్మీరాజం చుడువ అని, పేరు పెద్దగా, ఎర్ర సిరాతో, పూలతీగెతో వేయించుకుపోయాడు. వారం అంగడి రోజు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చి పేరు పెట్టి అడిగారు. అట్లా తన పేరు మొట్టమొదటిసారి విన్నాడు కాబోలు, తిరిగొచ్చి ప్రెస్సులో నాకు మూడుసార్లు చెప్పాడు.

ఇక అంగడి అంగడికీ పోవడం మొదలుపెట్టాడు. సరుకును కండక్టర్‌తో పంపితే సరిపోతుంది, ఆయన పోవలసిన పని లేదు. అయినా పొద్దున బస్సెక్కి, పగలంతా దుమ్ము తిని, ఎల్లేశం దుకాణం బల్ల మీద ఊరికే కూర్చునేవాడు. ఎవరికీ తెలియదు ఆయనే లక్ష్మీరాజమని. కూర్చుని వినేవాడు, అంతే. దమ్ము రోగం అప్పటికే మొదలైంది. మగ్గం దూది ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టర్ అన్నాడు. బస్సు దిగి ప్రెస్సు గడప ఎక్కేలోగా రెండుచోట్ల ఆగేవాడు. నాకు కోపం రాదా మరి? మనిషి వినడానికి అంత దూరం పోవాలా?

మధ్యలో కండక్టర్లు కట్టలు తారుమారు చేసేవాళ్లు. చిలుక భైంసాకు పోయేది, బాలవ్వ నిర్మల్‌లో దిగేది. దొంగ సరుకు పంపారని దుకాణదార్లు ఉత్తరాలు రాసేవాళ్లు. నా ముందు కూర్చున్న గుమాస్తా లాంటివాళ్లు ఏ ఊరి చుడువ గొప్పదో వాదించుకునేవాళ్లు. నాలుగు చీటీల్లో ఏది తప్పిపోయినా తిట్లు నాకే.

అరవై ఏడులో వానలు పడ్డాక లక్ష్మీరాజం మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం కొత్త చీటీలు ఇద్దామని వెళ్లాను. శంకరవ్వ మూకుడు ముందుంది. ఆయన మంచంలో లేచి కూర్చుని, మాటకూ మాటకూ ఆగుతూ అన్నాడు.

"ఏమే, ఒక్క మాట ఇను. నువ్వు గంపెత్తుకొని బస్టాండ్ల నా పేరు వెట్టి అమ్మరాదూ. అమ్మేదే పేరు జెప్తే, కొనేటోళ్లు చెయ్యి సాపితె సాలు. వాళ్లు పలుకుడే అక్కర్లే. ఇన్నేండ్లకు సమజయింది నాకు."

నిజమే!  పదేళ్ల సమస్య, మూడు ముక్కల్లో తెగిపోయింది. నిర్మల్‌లో ఆ కోడలు నోరు మెదపక గదువతో చూపించిన రోజే, పలకాల్సింది అమ్మేవాళ్లని మాకు తట్టాల్సింది.

శంకరవ్వ గంటె కింద పెట్టింది. ముఖం ఎర్రబడింది.

"గీ హాలత్ల ఉన్నవు. నా నోటితోని నీ ఆయుష్షు దియ్యమంటవా? మూకుడు ముంగట సావమను, సస్త. గా మాట మాత్రం నాతోని గాదు."

"ఒక్కసారి."

"గాదు."

"నేను ఇంటుండంగనే..."

"గాదన్ననా!" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. మాట అంటే మనిషి పోతాడా వదినె, అని గట్టిగానే అడిగాను. "నీ ఇంటికి వొయ్యి నీ పెండ్లాంతోని ముందుగాల చెప్పియ్యి, అటెన్క నాకు జెప్పు" అంది.  చీటీలు అరుగు మీద పెట్టి వచ్చేశాను.

దసరాకు ముందే ఆయన పోయాడు. చిలుక ముద్ర కింద, గాజెంగి ముద్ర కింద, తల్లి పేరు కింద పదేళ్లు బతికి, పుట్టిన ఊళ్లో ఎవరి నోటా తన చుడువకు తన పేరు వినకుండా పోయాడు.

నెల దాటాక శంకరవ్వ ప్రెస్సుకు వచ్చింది. అంతకుముందు ఎన్నడూ గడప ఎక్కలేదు. మిషన్‌లో చిలుక చీటీ బిగించి ఉంది.

"గా చిలుకను దీసెయ్యి" అంది.

"మరి ఏం పేరు వెయ్యాలె వదినె?"

ఆమె ఒక్క క్షణం మిషన్ వైపు చూసింది.

"లక్ష్మీరాజం" అంది. తర్వాత నా వైపు తిరిగి, "లక్ష్మీరాజం అనే గొట్టు, రాజం తమ్మీ. ఇగ ఎవ్వలి ఆయుష్షు తగ్గుతది?" అంది.

ఆమె నోటి నుంచి ఆయన పేరు, నా పేరు ఒకేసారి విన్నాను. కేసులో ఆ వత్తు కోసం వెతుకుతుంటే కళ్లు కనపడలేదు. రెండో వత్తు కూడా అరిగిపోయింది, ఆ అరిగినదే వేశాను.

చీటీలు ఆరాక ఆమె గంప ఎత్తుకుని బస్టాండుకు పోయింది. నేను పని ఆపేసి వెనకాలే వెళ్లాను. మొదటి బస్సును ఊరికే పోనిచ్చింది. రెండోది రాగానే కేకేసింది. "లక్ష్మీరాజం చుడువో! లక్ష్మీరాజం చుడువా!" జగిత్యాల బస్సు పక్కన, సిరిసిల్ల బస్సు పక్కన, ఆ గొంతే. రాజంల పెళ్లాలు, రాజయ్యల కోడళ్లు కిటికీల్లోంచి చేతులు చాపారు. ఒక్కరికీ నోరు తెరవాల్సిన పని పడలేదు.

ఆ రోజు కాదు, ఇంకో పది రోజులకు, నేను అక్కడ ఉండగానే కైలాసం సావుకారే బస్సెక్కడానికి వచ్చాడు. ముసలివాడయ్యాడు, చేతికర్ర పట్టాడు. శంకరవ్వను గుర్తుపట్టలేదు.

"రెండు పొట్లాలియ్యవ్వా."

"ఏం పొట్లాలు?" అంది.

"గవే. గంపలయి."

"పేరు వెట్టి అడుగు సావుకారీ. నువ్వు మొగోనివి. నీ నోటికేం అడ్డం?"

ఆయన తెల్లబోయి, పొట్లం మీదకు వంగి, అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "లక్ష్మీరాజం చుడువ... రెండు పొట్లాలు."

"నీకు ముప్పై ఏండ్లు చీరెలు నేసినోడు" అంది శంకరవ్వ. రెండు పొట్లాలు ఆయన చేతిలో పెట్టి, గంప నెత్తికెత్తుకుని, మంథని బస్సు దగ్గరికి పోయింది.

నాకు ఏడుపు రాలేదు, పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. రెండు నెలల ముందు, ఆ మంచం మీద మనిషి ఉండగా ఈ రెండు మాటలు ఎవరైనా అని ఉంటే ఏం పోయేది? ఆ కోపంతోనే ఇంటికి వచ్చి, వాకిట్లో బియ్యం ఏరుతున్న రామవ్వ ముందు నిలబడ్డాను.

"నా పేరు ఒక్కసారి అను. నేను ఇంట."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, మళ్లీ చాట మీదికి వంగింది.

"గంత తొందరేమున్నది నీకు?" అంది.